ఉజామా నుంచి విజన్ 2050 దాకా: టాంజానియా అభివృద్ధి విధానాలపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఆఫ్రికాలో యాభైకి పైగా దేశాలుంటే టాంజానియా గురించే ఎందుకు?

వలస పాలన నుంచి బయటపడ్డ దేశాలు చేసిన ప్రయోగాలు దాదాపు అన్నీ ఈ ఒక్క దేశంలో వరసగా కనిపిస్తాయి. విదేశీ నిపుణులు రాసిచ్చిన ప్రణాళిక, సొంత సోషలిజం, ఊళ్ళకు ఊళ్ళు తరలించడం, ప్రభుత్వ ఫ్యాక్టరీలు, అప్పుల సంక్షోభం, అంతర్జాతీయ ద్రవ్య నిధి (ఐఎంఎఫ్) షరతులు, ప్రైవేటీకరణ, మళ్ళీ ప్రభుత్వ భారీ ప్రాజెక్టులు, అన్నీ అరవై ఏళ్ళలో జరిగిపోయాయి. ప్రధాన భూభాగంలో అంతర్యుద్ధం రాలేదు. సైన్యం గద్దెనెక్కలేదు. అందుకే ఇక్కడ ఒక విధానం ఎందుకు ఫలించింది, ఎందుకు దెబ్బతింది అన్నది మిగతా చోట్ల కంటే స్పష్టంగా తెలుస్తుంది.

ఈ జవాబులన్నిటిలో నేను ఒక విషయం వెతుకుతూ వెళ్తాను: పథకం ఎవరి కోసం పెట్టారో వాళ్ళని అడిగి పెట్టారా? టాంజానియా చరిత్ర ఎన్నిసార్లు చదివినా నాకు లెక్క అక్కడే తేలుతోంది. సోషలిజమా, మార్కెట్టా అన్నది ఆ తర్వాతి మాట.

స్వాతంత్ర్యం వచ్చేనాటికి దేశం చేతిలో ఏముంది?

1961 డిసెంబర్ 9న స్వాతంత్ర్యం వచ్చినప్పుడు దేశం పేరు టాంగన్యీకా. 1964లో జాంజిబార్‌తో కలిశాక టాంజానియా అయింది. జనాభా కోటి. 1880ల నుంచి జర్మన్లు, మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిటిష్ వాళ్ళు ఏలారు. జర్మన్లు దక్షిణ ప్రాంతంలో బలవంతంగా పత్తి వేయించడం 1905లో మొదలైన మజి మజి తిరుగుబాటుకు ఒక ముఖ్య కారణం. దాన్ని అణచడానికి పంటలు తగలబెట్టారు, ఆ వెనకే కరువు వచ్చింది. బ్రిటిష్ వాళ్ళకు ఇది నానాజాతి సమితి అప్పగించిన ప్రాంతం, పూర్తి సొంత కాలనీ కాదు. దాంతో పెట్టుబడి ఎక్కువగా పక్కనున్న కెన్యాకే వెళ్ళింది.

ఎగుమతులంటే సిసల్ అనే కిత్తనార, కాఫీ, పత్తి. తొలి అధ్యక్షుడు జూలియస్ న్యెరెరే తరచూ ఒక లెక్క చెప్పేవారు: స్వాతంత్ర్యం నాటికి దేశంలో శిక్షణ పొందిన ఇంజనీర్లు ఇద్దరు, డాక్టర్లు పన్నెండు మంది. ఆయన స్వయంగా బడిపంతులు. అందుకే జనం ఆయన్ని "మ్వాలిము", అంటే మాస్టారు అని పిలిచేవారు. ఇప్పటికీ అలాగే అంటారు.

బ్రిటిష్ వాళ్ళు అభివృద్ధి పథకాలేవీ పెట్టలేదా?

పెట్టారు. వాటిలో వేరుశనగ పథకం తెలుసుకోదగ్గది. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక బ్రిటన్‌లో వంటనూనెలకు కటకట వచ్చింది. 1947లో టాంగన్యీకాలో 30 లక్షల ఎకరాలకు పైగా వేరుశనగ వేయాలని తీర్మానించారు. డొడోమా దగ్గర కొంగ్వా అనే చోట పని మొదలైంది. యుద్ధంలో మిగిలిన ట్యాంకులను ట్రాక్టర్లుగా మార్చి అడవి నరికించారు. బవోబాబ్ చెట్లు యంత్రాలకు లొంగలేదు. వర్షం చాల్లేదు. అన్నిటికంటే పెద్ద సమస్య నేల. ఆ బంకమట్టి ఎండితే రాయిలా బిగుసుకుపోతుంది. ఊడ దిగని నేలలో, దిగినా కాయ పీకలేని నేలలో వేరుశనగ ఏమవుతుందో అనంతపురం రైతుకు ఎవరూ చెప్పక్కర్లేదు. అక్కడి గోగో తెగ రైతులకూ తమ నేల సంగతి తెలుసు. వాళ్ళని ఎవరూ అడగలేదు. 1951లో పథకం మూసేసేనాటికి 3.6 కోట్ల పౌండ్లు మట్టిలో కలిశాయి.

ఇది వలస ప్రభుత్వం చేసిన పొరపాటు కదా, కొత్త దేశానికి ఏం సంబంధం అని అడగొచ్చు. పదేళ్ళ తర్వాత స్వతంత్ర ప్రభుత్వం కూడా ఇదే తరహాలో మొదలుపెట్టింది. అదీ సంబంధం.

స్వతంత్ర దేశపు మొదటి ప్రణాళికలు ఎవరు రాశారు?

ఎక్కువగా బయటివాళ్ళే. 1961లో ప్రపంచ బ్యాంకు బృందం ఇచ్చిన నివేదికను పట్టుకుని మూడేళ్ళ ప్రణాళిక, తర్వాత 1964-69 పంచవర్ష ప్రణాళిక నడిచాయి. ఆ నివేదిక సలహా ప్రకారం ఎంపిక చేసిన రైతులను కొత్త స్థలాలకు తీసుకెళ్ళి, ట్రాక్టర్లు, ఇళ్ళు, మేనేజర్లను ఇచ్చి "ఆధునిక" సెటిల్‌మెంట్లు కట్టారు. ఖర్చు తడిసి మోపెడైంది. రైతులు ప్రభుత్వ కూలీల్లా ఉండిపోయారు. 1966లో ఆపేశారు.

అసలు చిక్కు డబ్బు దగ్గర వచ్చింది. ప్రణాళిక ఖర్చులో పెద్ద భాగం విదేశీ సాయం మీదే పెట్టుకున్నారు. రొడీషియాలో (ఇప్పటి జింబాబ్వే) తెల్లవాళ్ళ మైనారిటీ ప్రభుత్వం ఏకపక్షంగా స్వాతంత్ర్యం ప్రకటించుకుంటే బ్రిటన్ గట్టిగా అడ్డుకోలేదని 1965 డిసెంబర్‌లో టాంజానియా బ్రిటన్‌తో దౌత్య సంబంధాలు తెంచుకుంది. బ్రిటన్ ఇవ్వాల్సిన 75 లక్షల పౌండ్ల రుణం ఆగిపోయింది. జాంజిబార్‌లో తూర్పు జర్మనీ ప్రతినిధులు ఉన్నారని పశ్చిమ జర్మనీతోనూ తగాదా వచ్చింది. అదే సమయంలో నైలాన్ లాంటి కృత్రిమ దారాలు రావడంతో కిత్తనార ధర పడిపోయింది. సొంత కాళ్ళ మీద నిలబడటం అనే మాట వాళ్ళ నోట ఇలాంటి దెబ్బలు తిన్నాక వచ్చింది.

అరూషా ప్రకటనలో ఏముంది?

1967 జనవరి చివర్లో అధికార పార్టీ టాను అరూషా పట్నంలో సమావేశమై ఆమోదించిన పత్రం ఇది. ఫిబ్రవరి 5న ప్రకటించారు. సారాంశం ఇది: అభివృద్ధికి డబ్బే మూలం అనుకోవడం తప్పు. మన దగ్గర డబ్బు లేదు, మనుషులు, భూమి ఉన్నాయి. విదేశీ అప్పుతో పట్నాల్లో కట్టే ఫ్యాక్టరీల బాకీ చివరికి తీర్చేది పల్లె రైతు పండించిన పంటే. కాబట్టి పల్లెతో మొదలుపెట్టాలి.

ఆ చివరి వాదన ఇప్పుడు చదివినా నాకు చాలా నిజాయితీగా అనిపిస్తుంది. పట్నం పల్లెను దోచుకునే ప్రమాదం ఉందని ఒక దేశాధినేత తన సొంత పార్టీ పత్రంలో రాయించడం చిన్న విషయం కాదు. ప్రకటన వెలువడిన మర్నాడే బ్యాంకులను జాతీయం చేశారు. తర్వాత కొద్ది రోజుల్లోనే బీమా, పిండి మిల్లులు, ఎగుమతి దిగుమతి వ్యాపార సంస్థలు, కిత్తనార తోటల్లో ఎక్కువ వాటా ప్రభుత్వ చేతికి వచ్చాయి.

నాయకులకు కూడా నియమాలు పెట్టారట, నిజమేనా?

నిజమే. పార్టీలో, ప్రభుత్వంలో మధ్య స్థాయి నుంచి పై వాళ్ళెవరూ కంపెనీల్లో షేర్లు కొనకూడదు, డైరెక్టర్ పదవిలో ఉండకూడదు, రెండు జీతాలు తీసుకోకూడదు, ఇళ్ళు అద్దెకివ్వకూడదు. దీని వెనక ఒక ఘటన ఉంది. 1966 అక్టోబర్‌లో యూనివర్సిటీ విద్యార్థులు తప్పనిసరి జాతీయ సేవకు వ్యతిరేకంగా ఊరేగింపు తీశారు. మంత్రులు జీతాలు బాగా తీసుకుంటూ మమ్మల్ని త్యాగం చేయమంటారా అన్నది వాళ్ళ ఫిర్యాదు. న్యెరెరే దాదాపు 400 మందిని చదువు మాన్పించి ఇళ్ళకు పంపారు. అక్కడికక్కడే తన జీతం 20 శాతం తగ్గించుకున్నారు కూడా. విద్యార్థుల మీద అంత కఠినంగా ఉండటం నాకు నచ్చదు. కానీ వాళ్ళు అడిగిన దాంట్లో న్యాయం ఉందని ఒప్పుకున్నది కూడా ఆయనే. 1991లో జాంజిబార్‌లో తీసుకున్న నిర్ణయంతో ఈ నియమావళి సడలిపోయింది.

ఉజామా అంటే కమ్యూనిస్టుల సమష్టి వ్యవసాయమేనా?

కాదు, కనీసం మొదట్లో కాదు. స్వాహిలీలో ఉజామా అంటే కుటుంబ బంధం. ఉమ్మడి కుటుంబంలో పనీ తిండీ పంచుకున్నట్టు ఊరంతా పంచుకోవాలన్నది న్యెరెరే ఆలోచన. వర్గ పోరాటం ప్రసక్తి లేదు. 1967లో గ్రామాల మీద ఆయన రాసిన పత్రంలో రైతులు ఇష్టపడి చేరాలి, బలవంతం పనికిరాదు అని స్పష్టంగా ఉంది.

ఇష్టపడి చేరితే ఎలా ఉంటుందో చూపించిన ఊరు కూడా ఒకటుంది. దక్షిణాన రువూమా ప్రాంతంలో లిటోవా అనే ఊళ్ళో కొందరు యువకులు ప్రకటనకు ముందే కలిసి వ్యవసాయం మొదలుపెట్టారు. చుట్టుపక్కల ఊళ్ళు ఒక్కొక్కటీ చేరి రువూమా అభివృద్ధి సంఘం 17 ఊళ్ళకు పెరిగింది. వాళ్ళకు సొంత పిండిమర, కలప కోత మిల్లు, సొంత పాఠ్యక్రమంతో బడి ఉండేవి. ఏ పంట ఎంత వేయాలో, డబ్బు ఎలా పంచాలో సభలో వాళ్ళే తేల్చుకునేవారు. న్యెరెరే వీళ్ళని ఎంతో మెచ్చుకున్నారు. కానీ జిల్లా పార్టీ నాయకులకు, అధికారులకు తమ మాట వినని ఊళ్ళు మింగుడు పడలేదు. 1969 సెప్టెంబర్‌లో టాను కేంద్ర కమిటీ సంఘాన్ని రద్దు చేసి మిల్లులు స్వాధీనం చేసుకుంది.

నన్నడిగితే టాంజానియా సోషలిజం దారి తప్పింది ఆ నెలలోనే. 1970ల కరువు, చమురు ధరలు తర్వాత వచ్చాయి.

జనాన్ని బలవంతంగా తరలించారా?

అవును. చెదురుమదురుగా, ఎవరి పొలం దగ్గర వాళ్ళు గుడిసె వేసుకుని బతికే జనానికి బడి, ఆసుపత్రి, నీళ్ళు అందించడం కష్టం. అందరూ ఒకచోట ఉంటే సులువు. ఈ వాదనలో తప్పు లేదు. 1973 నవంబర్‌లో న్యెరెరే ఊళ్ళలో నివసించడం ఇక ఆదేశం అని ప్రకటించి, 1976 చివరికల్లా పూర్తి చేయాలన్నారు. "ఆపరేషన్" పేరుతో జిల్లాల వారీగా తరలింపు జరిగింది. సైన్యం, పార్టీ యువజన విభాగం, ప్రభుత్వ లారీలు వచ్చాయి. కదలని వాళ్ళ గుడిసెల కప్పులు పీకేశారు, కొన్నిచోట్ల తగలబెట్టారు. సాధారణంగా చెప్పే అంచనా ప్రకారం మూడు నాలుగేళ్ళలో 50 లక్షల మంది ఇళ్ళు మారారు.

కొత్త ఊళ్ళు చాలావరకు రోడ్డు వెంట గీత గీసినట్టు కట్టారు, అధికారి జీపు వెళ్ళడానికి వీలుగా. పాత పొలం మైళ్ళ దూరంలో ఉండిపోయింది. ఏ పంటను ఏనుగులు, అడవిపందులు, పక్షులు తింటాయో తెలిసిన రైతు అందుకే పొలంలోనే ఇల్లు కట్టుకున్నాడు. ఇప్పుడు రాత్రి కాపలా లేదు. ఎరువు వేసుకునే పెరటి మడి లేదు. కొన్ని జిల్లాల్లో తరలింపు విత్తే కాలంలోకి వచ్చిపడింది. సరిగ్గా అప్పుడే, 1973-74లో వానలు తప్పాయి. దేశం మొక్కజొన్న దిగుమతి చేసుకోవాల్సి వచ్చింది. తప్పు కరువుదా, తరలింపుదా అని పండితులు ఇంకా వాదించుకుంటారు. రెండూ కలిసి దెబ్బ తీశాయని చెప్పడం న్యాయం.

ఎవరూ ఎదురు తిరగలేదా?

ఇరింగా ప్రాంతంలో ఇస్మాని అనే చోట మొక్కజొన్న బాగా పండేది. ట్రాక్టర్లు పెట్టుకుని వందల ఎకరాలు సాగు చేసే ఆఫ్రికన్ రైతులు అక్కడ ఎదిగారు. వాళ్ళ భూములు ఉజామా ఊళ్ళలో కలపాలని ప్రాంతీయ కమిషనర్ విల్బర్ట్ క్లెరు గట్టిగా ఒత్తిడి చేశారు. 1971 డిసెంబర్ 25న, క్రిస్మస్ రోజున, ఆయన సయిది మ్వామ్విండి అనే రైతు పొలానికి వెళ్ళారు. మాటా మాటా పెరిగింది. రైతు తుపాకీతో కాల్చి చంపాడు. తర్వాత శవాన్ని క్లెరు కారులోనే వేసుకుని ఇరింగా పోలీస్ స్టేషన్‌కు వెళ్ళి లొంగిపోయాడు. అతన్ని ఉరితీశారు. ఇది ఒంటరి ఘటన. మిగతా చోట్ల జనం ఎదురు తిరగడానికి నెమ్మదైన దారులు ఎంచుకున్నారు: ఉమ్మడి పొలంలో మొక్కుబడిగా పని, సొంత మడిలో ఒళ్ళు వంచి పని, పంటను దొంగచాటుగా సరిహద్దు దాటించడం.

భారత్‌లో కూడా ఇలాంటి ప్రయత్నం జరిగిందా? అక్కడిలా ఎందుకు కాలేదు?

జరగబోయింది. 1959 జనవరిలో నాగపూర్ కాంగ్రెస్ ఉమ్మడి సహకార వ్యవసాయం వైపు తీర్మానం చేసింది. దాన్ని గట్టిగా ఎదిరించినవాళ్ళలో గుంటూరు జిల్లా నిడుబ్రోలుకు చెందిన ఎన్.జి. రంగా ముందున్నారు. రైతు భూమి మీద రైతుకే హక్కుండాలని కాంగ్రెస్‌ను వదిలి, అదే ఏడాది స్వతంత్ర పార్టీకి తొలి అధ్యక్షుడయ్యారు. నెహ్రూ ఎంత ఇష్టపడినా ఆ తీర్మానం కాగితం మీదే ఉండిపోయింది.

టాంజానియా 1965లో చట్టప్రకారం ఏకపార్టీ దేశమైంది. ఎన్నికల్లో ప్రతి నియోజకవర్గంలో టాను నుంచే ఇద్దరు పోటీపడేవారు, మంత్రులు ఓడిపోయిన సందర్భాలూ ఉన్నాయి. కానీ విధానాన్నే కాదనే పార్టీ పెట్టడానికి వీల్లేదు. విచారణ లేకుండా నిర్బంధించే చట్టం 1962 నుంచే ఉంది. 1972లో ఎన్నికైన స్థానిక సంస్థలను, 1976లో రైతుల సహకార సంఘాలను కూడా రద్దు చేశారు. "ఇది మాకు వద్దు" అని చెప్పగల ప్రతి గొంతునీ మూసేశాక పై వాళ్ళకు కింద ఏం జరుగుతోందో తెలిసే దారి పోయింది. రంగా భావాలతో ఏకీభవించని వాళ్ళు కూడా ఆయన లాంటి మనిషి ఉండటం విలువేమిటో ఇక్కడ ఒప్పుకోవాలి.

అయితే అంతా నష్టమేనా? చదువు, ఆరోగ్యం సంగతేమిటి?

ఇక్కడే కథ మారుతుంది, చాలామంది ఇది చదవకుండా వదిలేస్తారు. 1967లో మూడింట రెండొంతుల మంది పెద్దలకు చదవడం రాదు. 1986 ప్రభుత్వ లెక్కలో ఆ సంఖ్య పది శాతం లోపుకు దిగింది. ప్రభుత్వ లెక్కలో కాస్త ఉదారత ఉందనుకున్నా మార్పు పెద్దది. రాత్రి బడులు ఊరి చెట్టు కింద నడిచాయి. పాఠాలు పత్తి, కాఫీ, అరటి సాగు మీద రాశారు. చదవడం నేర్చుకున్నవాడు మర్నాడు పొలంలో వాడుకోగలిగేలా.

1973లో "మ్తు ని అఫ్యా" అనే రేడియో కార్యక్రమం నడిపారు. మనిషంటే ఆరోగ్యం అని దాని భావం. ఊరూరా జనం రేడియో చుట్టూ గుంపుగా కూర్చుని పాఠం వినడం, చేతిలోని పుస్తకం ఒకరు చదివి వినిపించడం, తర్వాత మన ఊళ్ళో ఏం చేద్దాం అని చర్చించుకోవడం, ఇలా సాగేది. దాదాపు 20 లక్షల మంది పాల్గొన్నారు. చర్చ అయ్యాక మరుగుదొడ్డి గుంతలు తవ్వారు, ఇంటి చుట్టూ నిలిచిన నీళ్ళు తీసేశారు. అదే దశాబ్దంలో, అదే ప్రభుత్వం, అదే జనం. ఒకచోట లారీలు పంపారు, ఇంకోచోట కూర్చుని మాట్లాడుకోమన్నారు. సగటు ఆయుర్దాయం 1960ల మొదట్లో 43 ఏళ్ళ చుట్టుపక్కల ఉంటే 1980ల నాటికి 50 దాటింది.

లోపాలున్నాయి. 1974లో అందరికీ ప్రాథమిక విద్య అని నిర్ణయించాక టీచర్లు దొరక్క ఏడో తరగతి పాసైన పిల్లలనే శిక్షణ ఇచ్చి టీచర్లను చేశారు. హైస్కూళ్ళను మాత్రం పెరగనివ్వలేదు. ఆ వెనకబాటు దశాబ్దాల పాటు వెంటాడింది.

ఇంకొకటి ఉంది, అంకెల్లో కనిపించదు. 120కి పైగా భాషలున్న దేశం స్వాహిలీతో ఒక్కటైంది. పక్క దేశాల్లో తెగల పేరుతో ఎన్నికల రక్తపాతం జరిగినప్పుడు కూడా టాంజానియాలో రాజకీయం తెగల మీద నడవలేదు. నా లెక్కలో ఇదే న్యెరెరే సాధించిన అతి పెద్ద అభివృద్ధి.

అక్కడ స్థిరపడ్డ భారతీయులకు ఏమైంది?

వాళ్ళలో ఎక్కువమంది గుజరాతీలు, వ్యాపారస్తులు. ఉగాండాలో ఇదీ అమీన్ చేసినట్టు టాంజానియా ఎవరినీ వెళ్ళగొట్టలేదు. భారతీయ మూలాలున్న అమీర్ జమాల్ చాలా ఏళ్ళు ఆర్థిక మంత్రిగా పనిచేశారు. కానీ 1971 చట్టంతో లక్ష షిల్లింగుల విలువ దాటిన అద్దె భవనాలను ప్రభుత్వం తీసుకుంది. వాటి యజమానులు ఎక్కువగా భారతీయులే. అద్దె మీద ముసలితనం గడుపుదామనుకున్న మధ్యతరగతి కుటుంబాలూ వాటిలో ఉన్నాయి. చాలామంది బ్రిటన్, కెనడా దారి పట్టారు.

చైనా రైలు మార్గం గురించి వింటాం. అది ఉజామాలో భాగమా?

కాదు, అది విముక్తి పోరాటంలో భాగం. పక్కనున్న జాంబియా రాగి తెల్లవాళ్ళ రొడీషియా మీదుగా పోకుండా సముద్రానికి చేరాలి. పశ్చిమ దేశాలు, ప్రపంచ బ్యాంకు లాభసాటి కాదని తప్పుకుంటే చైనా వడ్డీ లేని అప్పిచ్చింది. దార్ ఎస్ సలామ్ నుంచి కపిరి మ్పోషి దాకా 1,860 కిలోమీటర్ల టాజారా మార్గం 1970లో మొదలై 1975లో పూర్తయింది. పనిలో చనిపోయిన చైనా కార్మికుల సమాధులు దార్ ఎస్ సలామ్ శివార్లలో ఉన్నాయి. రైల్వే తర్వాత నిర్వహణ లేక నీరసించింది, అయినా రెండు దేశాలకు ఆ రోజుల్లో అది ఊపిరి.

ప్రభుత్వ ఫ్యాక్టరీలు ఎందుకు నిలబడలేదు?

మొరొగొరో చెప్పుల ఫ్యాక్టరీ చూస్తే చాలు. ప్రపంచ బ్యాంకు రుణంతో 1970ల చివర కట్టారు. దేశంలో పశువులు బాగా ఉన్నాయి, తోలు ఉంది, బూట్లు చేసి చాలావరకు యూరప్‌కు అమ్ముదాం అన్నది లెక్క. తోలు నాణ్యత చూసేవాళ్ళు లేరు, విడిభాగాలకు డాలర్లు లేవు, ఆ ఎండలకు గాలి ఆడని అల్యూమినియం గోడల షెడ్డు. సామర్థ్యంలో నాలుగైదు శాతం కూడా ఎప్పుడూ దాటలేదు. ఇక్కడ తప్పు ఒక్క సోషలిస్టు ప్రభుత్వానిదే అనలేం. లెక్కలు చూసి అప్పిచ్చిన బ్యాంకు నిపుణులు అటువైపు ఉన్నారు.

1980ల సంక్షోభానికి అసలు కారణం ఏమిటి?

బయటి దెబ్బలు చాలా ఉన్నాయి. 1973లో, 1979లో చమురు ధరలు పెరిగాయి. 1977లో కెన్యా, ఉగాండాలతో ఉన్న ఉమ్మడి సంఘం విచ్ఛిన్నమై రైల్వే, విమానాలు, టెలిఫోన్లు మళ్ళీ మొదటి నుంచి కట్టుకోవాల్సి వచ్చింది. 1978 అక్టోబర్‌లో అమీన్ సైన్యం కగేరా ప్రాంతంలోకి చొరబడితే యుద్ధం చేయక తప్పలేదు. దానికి 50 కోట్ల డాలర్లు అయ్యాయని అంచనా.

కానీ రైతుకు ఇచ్చే ధర సొంత నిర్ణయం. కాఫీ, పత్తి, జీడి, అన్నీ ప్రభుత్వ బోర్డులకే అమ్మాలి. బోర్డు ఖర్చులు పెరిగేకొద్దీ రైతు వాటా తగ్గింది, డబ్బు ఆలస్యంగా వచ్చేది. వచ్చిన డబ్బుతో కొనడానికి కొట్లో సబ్బు, వంటనూనె, చక్కెర, బ్యాటరీలు ఉండేవి కావు. అలాంటప్పుడు ఎగుమతి పంట ఎవరు వేస్తారు? విదేశీ మారకం ఎండిపోయింది. 1983లో ప్రధాని ఎడ్వర్డ్ సొకొయినే బ్లాక్ మార్కెట్ మీద దాడులు చేయించారు. భయపడి సరుకు పారేసినవాళ్ళున్నారు గానీ కొరత తీరలేదు.

ఐఎంఎఫ్ 1979లోనే షరతులు పెట్టింది. కరెన్సీ విలువ తగ్గించాలి, ఖర్చు కోయాలి. ఒప్పుకుందామన్న ఆర్థిక మంత్రి ఎడ్విన్ మ్తెయి రాజీనామా చేశారు. ఐఎంఎఫ్ ఎప్పటి నుంచి అంతర్జాతీయ ఆర్థిక మంత్రిత్వ శాఖ అయింది అని న్యెరెరే బహిరంగంగా నిలదీశారు. ఆ ప్రశ్న ఇప్పటికీ సరైనదే. అయితే ఒప్పందం లేకుండా గడిచిన ఏళ్ళలో మూల్యం చెల్లించింది కూడా పల్లెలే.

1986 తర్వాత పరిస్థితి మెరుగుపడిందా?

1985లో న్యెరెరే తనంతట తానే దిగిపోయారు. ఖండంలో అప్పటికి అది అరుదు. అలీ హసన్ మ్విన్యీ వచ్చారు. 1986లో ఐఎంఎఫ్‌తో ఒప్పందం, డాలర్‌కు 17 షిల్లింగుల నుంచి 40కి విలువ తగ్గింపు. కొట్లలోకి సరుకు తిరిగొచ్చింది, జనం ఊపిరి పీల్చుకున్నారు. కానీ బడికి, ఆసుపత్రికి రుసుములు వచ్చాయి, బడిలో చేరే పిల్లల శాతం 1990లలో కూడా 1980ల మొదటి స్థాయి కంటే తక్కువగానే ఉండిపోయింది. తర్వాతి అధ్యక్షుడు బెంజమిన్ మ్కాపా కాలంలో బ్యాంకులు, కంపెనీలు అమ్మేశారు. 2001-02లో ప్రాథమిక విద్యకు ఫీజు రద్దు చేశాక బడులు మళ్ళీ కిటకిటలాడాయి. ఫీజు ఎంత పెద్ద అడ్డంకో అప్పుడు తెలిసింది. ఈ సంస్కరణలూ వాషింగ్టన్‌కు, దార్ ఎస్ సలామ్ ఆర్థిక శాఖకు మధ్య తేలినవే. పల్లె మాట ఇందులోనూ లేదు.

మగుఫులి మళ్ళీ న్యెరెరే దారిలోకి వెళ్ళారా?

కొంతవరకు. 2015లో అధ్యక్షుడైన జాన్ మగుఫులి ప్రామాణిక గేజ్ రైల్వే, రుఫిజి నది మీద 2,115 మెగావాట్ల జలవిద్యుత్ ప్రాజెక్టు మొదలుపెట్టారు. దానికి న్యెరెరే పేరే పెట్టారు. 2016 నుంచి హైస్కూల్లో ఫారం 4 (నాలుగో ఏడు) వరకు ఫీజు తీసేశారు. బంగారు గనుల కంపెనీల నుంచి 16 శాతం ఉచిత వాటా తీసుకునే చట్టం తెచ్చారు. ఆ రైలు 2024లో డొడోమా దాకా నడిచింది. ఇవి నిజమైన పనులు.

2018లో జీడి రైతుల విషయం మాత్రం వేరు. వ్యాపారులు తక్కువ ధర ఇస్తున్నారని నవంబర్‌లో సైన్యాన్ని దింపి, కిలో 3,300 షిల్లింగులకు ప్రభుత్వమే పంట కొంటుందని ప్రకటించారు. రైతులు సంబరపడ్డారు. తర్వాత చెల్లింపులు ఆలస్యమయ్యాయి, కొన్న గింజలను అమ్ముకోవడం ప్రభుత్వానికి తలకు మించిన పనైంది. టాంజానియా పచ్చి జీడిగింజల్లో ఎక్కువ భాగం భారత్, వియత్నాంలకే వస్తుంది. మన పలాస ఫ్యాక్టరీలు కూడా ఆఫ్రికా గింజ మీద ఆధారపడేవే.

మన దేశ విధానాల ప్రభావం అక్కడి రైతు మీద ఉంటుందా?

చాలా ఉంటుంది, దీని గురించి ఇక్కడ తక్కువ మాట్లాడుకుంటాం. టాంజానియా రైతు "ఎంబాజీ" అని పిలిచే పంట మన కంది. లిండి, మ్త్వారా, మన్యారా ప్రాంతాల్లో మొక్కజొన్నలో అంతరపంటగా వేస్తారు. అమ్మకం ప్రధానంగా భారత్‌కే. 2015లో ఇక్కడ కందిపప్పు కిలో 200 రూపాయలు తాకినప్పుడు తూర్పు ఆఫ్రికాలో కంది సాగు ఊపందుకుంది. 2016-17లో మన దగ్గర కూడా రికార్డు పంట వచ్చింది. క్వింటాలుకు 5,050 రూపాయల మద్దతు ధర ఉన్నా మార్కెట్లో అంతకంటే తక్కువకే కొన్నారని తెలంగాణ కంది రైతుకు గుర్తుంటుంది. 2017 ఆగస్టులో భారత్ కంది దిగుమతికి ఏడాదికి 2 లక్షల టన్నుల పరిమితి పెట్టింది. మన రైతును కాపాడటానికి అది అవసరమే కావచ్చు. కానీ ముందస్తు ఒప్పందం ఉన్న మొజాంబిక్‌కు ఆ పరిమితి నుంచి మినహాయింపు దక్కింది, ఒప్పందం లేని టాంజానియాలో ధర కుప్పకూలింది. తాండూరు రైతు, మన్యారాలోని బబటి రైతు ఒకే ఏడాది ఒకే పంటతో దెబ్బతిన్నారు.

విజన్ 2025 లక్ష్యాలు నెరవేరాయా? ఇప్పుడేం ప్రణాళిక నడుస్తోంది?

2025 నాటికి మధ్యాదాయ దేశం కావాలన్నది పెద్ద లక్ష్యం. ప్రపంచ బ్యాంకు 2020 జులైలోనే దిగువ మధ్యాదాయ దేశంగా గుర్తించింది. అయితే 2017-18 కుటుంబ సర్వే ప్రకారం 26.4 శాతం జనం కనీస అవసరాలు తీరని పేదరికంలో ఉన్నారు. 2007లో అది 34.4 శాతం. తగ్గుతోంది గానీ నెమ్మదిగా. 2022 జనగణనలో జనాభా 6.17 కోట్లు, స్వాతంత్ర్యం నాటి జనాభాకు ఆరు రెట్లు. 2025 జులైలో అధ్యక్షురాలు సమియా సులుహు హసన్ ప్రభుత్వం విజన్ 2050ని ప్రారంభించింది.

జాంజిబార్‌కు కూడా ఇవే విధానాలా?

పూర్తిగా కాదు. 1964 ఏప్రిల్ 26న టాంగన్యీకాతో కలిసినా దానికి సొంత ప్రభుత్వం, సొంత ప్రణాళికలు ఉన్నాయి. లవంగాల మీద బతికిన దీవి ఇప్పుడు పర్యాటకం మీద బతుకుతోంది. ఐఐటీ మద్రాస్ 2023లో తన క్యాంపస్‌ను అక్కడే తెరిచింది.

ఉజామా ఊళ్ళు ఇప్పుడు ఉన్నాయా?

ఉమ్మడి పొలాలు ఎప్పుడో పోయాయి. ఊళ్ళు ఉన్నాయి, గ్రామసభలు ఉన్నాయి. 1999 గ్రామ భూముల చట్టం ఆ ఊళ్ళ పునాది మీదే నిలబడింది. ఊరి భూమి నిర్వహణ గ్రామ మండలిది, ఆమోదం గ్రామసభది. ఆడవాళ్ళకు భూమి మీద సమాన హక్కు రాసిపెట్టారు. తూర్పు ఆఫ్రికాలో ఇంత మంచి చట్టం ఆ రోజుల్లో అరుదు. అయినా భూమి అంతా ప్రజల తరఫున అధ్యక్షుడి చేతిలో ఉంటుంది. ప్రజావసరం పేరుతో ఊరి భూమిని ఆ కోవ నుంచి తప్పించవచ్చు. 2022 జూన్‌లో లోలియొండోలో వన్యప్రాణి సంరక్షణ పేరుతో సరిహద్దు రాళ్ళు పాతుతుంటే మసాయి పశుపాలకులకు, పోలీసులకు మధ్య ఘర్షణ జరిగింది ఇలాంటి నిర్ణయం మీదే. చట్టం ప్రకారం తీసుకోదలచిన భూమి 250 హెక్టార్ల లోపు ఉంటే గ్రామసభ కాదనవచ్చు. అంతకు మించితే సభ అభిప్రాయం చెప్పవచ్చు, నిర్ణయం మంత్రిది.